విద్యార్థుల్లో సెల్‌ఫోన్ అతివినియోగం – నష్ట పరిమితిని గుర్తించడం ఎలా?

పత్తిలో గులాబీ రంగు పురుగు కనిపించిన వెంటనే మందు పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రం చెప్పదు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడినప్పుడు, లేదా 10 శాతం పూలు, కాయలు దెబ్బతిన్నప్పుడు సస్యరక్షణ చేపట్టాలి. విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో అంతర్జాలం, సెల్‌ఫోన్ అతివినియోగాన్ని కూడా ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉంది. వాడిన గంటల సంఖ్య కంటే, దానివల్ల కలిగిన నష్టమే సరైన కొలమానం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ రుగ్మత’కు చోటిచ్చింది, సెల్‌ఫోన్ వాడకాన్ని ప్రత్యేక వ్యాధిగా చేర్చలేదు. కనుక ఫోను పట్టుకున్న ప్రతి విద్యార్థినీ వ్యసనపరుడనడం తగదు. అయితే ఆ రుగ్మతకు పేర్కొన్న లక్షణాలు, అనగా అదుపు తప్పడం, ఇతర పనులకంటే దానికే ప్రాధాన్యం పెరగడం, నష్టం తెలిసినా మానలేకపోవడం, ఫోను విషయంలోనూ ఆత్మపరిశీలనకు ఉపకరిస్తాయి. ఎప్పుడు లభిస్తుందో తెలియని ప్రతిఫలం అలవాటును గట్టిపరుస్తుందని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు నిరూపించాయి. సందేశాలు, లైకులు, రీళ్ళు మనసును పట్టి ఉంచేది ఈ సూత్రంతోనే.

వ్యవసాయ విద్యార్థికి ఇందువల్ల కలిగే నష్టం నిద్రలేమి, మార్కులు తగ్గడంతో ఆగదు. పరిశీలనా శక్తి కూడా సన్నగిల్లుతుంది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940వ దశకంలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య నివసించి వారి జీవనాన్ని అధ్యయనం చేశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ప్రజల భాష విని, వారి మధ్య మెలగిన తరువాతే బోధనకు పూనుకోవడం విస్తరణ విద్యకు నేటికీ మార్గదర్శకం. రావెప్‌గా పిలిచే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే. గోండి మాతృభాషగా గల రైతు తన అనుభవాన్ని తెలుగులో నిదానంగా చెబుతున్నప్పుడు విద్యార్థి చూపు తెరమీదికి మళ్ళితే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. చేనులో గుడ్డిపూలను విప్పి చూడకుండా ఛాయాచిత్రంతో సరిపెట్టుకుంటే లోపలి పురుగు కనబడదు.

వాతావరణ సూచనలకు, మార్కెట్ ధరలకు, తెగుళ్ళ గుర్తింపునకు ఫోను అవసరమే. నిషేధం పరిష్కారం కాదు. ఈ క్రింది చర్యలు ఆచరణయోగ్యమైనవి:

• ఒక వారంపాటు ఫోను వాడిన సమయాన్ని, దానివల్ల వాయిదా పడిన పనులను, కోల్పోయిన నిద్రను నమోదు చేసుకోవాలి.
• అవసరం లేని నోటిఫికేషన్లను నిలిపివేసి, రాత్రి ఫోనును పడకకు దూరంగా ఉంచాలి.
• క్షేత్రంలో ముందు పరిశీలన, తరువాత నోటుపుస్తకంలో నమోదు, చివరగా ఛాయాచిత్రం అనే క్రమం పాటించాలి.
• అధ్యాపకులు అర్ధరాత్రి వాట్సాప్‌లో అసైన్‌మెంట్లు పంపే పద్ధతిని మానుకోవాలి.

స్వయంగా అదుపు చేసుకోలేనివారు ప్రభుత్వ టెలీమానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను సంప్రదించవచ్చు. పురుగు ఉధృతి పరిమితి దాటాక ఆలస్యం చేస్తే పంట దక్కదు. ఇక్కడ కూడా సకాలంలో సహాయం కోరడమే మేలు.