మన ఇళ్లలో క్రిస్మస్ ఆచారాలు – వాటి వెనుక ఉన్న అర్థం



డిసెంబరు వచ్చిందంటే హాస్టల్లో చాలామందికి ధ్యాస ఇంటి మీదికి మళ్లుతుంది. పక్క మంచం మిత్రుడు "మీ క్రిస్మస్‌కి ఏం చేస్తారు?" అని అడిగితే నక్షత్రం కడతాం, పాటలు పాడతాం, అరిసెలు వండుతాం అని చెబుతాం. ఎందుకు చేస్తారని అడిగితే మాత్రం "మా తాతల నుంచీ అంతే" అనేస్తాం. ఆ తాతలకు ఈ పండుగ ఎందుకు అంత పెద్దదయిందో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. క్రైస్తవులు కాని మిత్రులకూ ఇది ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాం.

ఎప్పటి నుంచి?

సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ అక్కడ బడి పెట్టారు. ఆ బడి ముఖ్యంగా పై కులాల పిల్లల కోసం నడిచింది. మన పల్లెల కథ వేరు. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, మిషనరీ డార్లింగు దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఆయన బంధువులు, ఆపైన చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఆ దారిన నడిచారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తయింది. అంటే డెల్టాకు కాలువ నీళ్లు, పల్లెకు ప్రార్థన మందిరం ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయన్నమాట.

కోతల తర్వాత పండుగ

డెల్టాలో సార్వా వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. కూలి కుటుంబాల చేతిలో నాలుగు గింజలు, నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. అందుకే ఏడాదికి ఒక్క జత కొత్త బట్టలు క్రిస్మస్‌కే కుట్టించేవారు. గోడలకు సున్నం, వాకిట్లో ముగ్గు, రోట్లో దంచిన పిండితో అరిసెలు, చెగోడీలు, గవ్వలు, అన్నీ ఇక్కడివే. మతం మారినా మన పెద్దలు నేలను, పంటను, వంటను మార్చుకోలేదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు కూడా ఆరాధనలో మన రాగాలు, మన పద్ధతులు ఉండాలని ప్రోత్సహించారు.

నక్షత్రం, పాటలు

వెదురు బద్దలు, రంగు కాగితం, మైదా జిగురు – నక్షత్రానికి కావలసింది ఇంతే. కాగితపు నక్షత్రాల్లో ప్రపంచమంతా పేరుపొందిన ఒకటి జర్మనీలో మొరావియన్ సంఘం వారి బోర్డింగు స్కూల్లో 1830ల ప్రాంతంలో పుట్టింది. అక్కడి పిల్లలు లెక్కల పాఠంలో భాగంగా దాన్ని చేశారు. హాస్టల్ పిల్లలమైన మనకు ఈ సంగతి ముచ్చటగా ఉంటుంది.

రాత్రిళ్లు పెట్రోమాక్స్ లైటు, కంజీర, తాళాలతో ఇంటింటికీ వెళ్లి పాడటం మరో ఆచారం. ఇందులో ఒక నియమం ఉంది: ఏ గడపా తప్పిపోకూడదు. మాటల్లేని ఇంటి ముందూ పాడాలి, అప్పుల్లో ఉన్న ఇంటి ముందూ పాడాలి. అక్షరం రాని మన అమ్మమ్మలు పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలను చరణాలతో సహా కంఠస్థం చేశారు. బడి మెట్టు ఎక్కనివారికి గ్రాంథిక తెలుగు అలా నోటికి వచ్చింది.

బైబిలు ఖాళీ పేజీ

చాలా ఇళ్లలో పాత బైబిలు మొదటి ఖాళీ పేజీ మీద పుట్టిన తేదీలు, పెళ్లిళ్లు, మరణాలు రాసి ఉంటాయి. పండుగనాడు దాన్ని తీసి చదివి, ఆ ఏడాది పుట్టిన బిడ్డ పేరు చేరుస్తారు. భూమి పట్టా లేని కుటుంబాలకు కొన్నిచోట్ల వంశ చరిత్ర అంటే ఆ ఒక్క కాగితమే. అక్షరానికి ఆమడ దూరాన ఉంచిన ఇళ్లలో పుస్తకం పెట్టెలో భద్రంగా దాచుకునే వస్తువయింది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మాలాంటివాళ్లం ఇంట్లో మొదటి డిగ్రీ అందుకున్నామంటే, దానికి మొదటి మెట్టు ఆ ఖాళీ పేజీ దగ్గరే ఉంది.

ప్రేమవిందు

ఆరాధన అయ్యాక ఇంటికి ఇంత బియ్యం వేసుకుని వండి, అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినడమే ప్రేమవిందు. ఊరి విందుల్లో ఎడంగా, అందరి తర్వాత తిన్న మనుషులకు ఆ పంక్తి విలువ ఏమిటో వేరే చెప్పాలా?

అయితే ఒక లోటు దాచకూడదు. చాలా ఊళ్లలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. ఒకే పాట పాడుకుంటూ రెండు పంక్తుల్లో తింటున్నాం. మన హాస్టల్ మెస్సులో మాత్రం అందరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. పెద్దలు మొదలుపెట్టిన పనిని ఆ మేరకు ఇక్కడే ముందుకు తీసుకెళ్లాం.

ఇంకో మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి. ఈ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. సర్టిఫికెట్టు భయంతో కొందరు ఇంటి పండుగ గురించి గొంతు తగ్గించి చెప్పుకోవడం మనకు తెలుసు. మన అవ్వాతాతల చరిత్ర చెప్పుకోవడానికి గొంతు తగ్గించాల్సి రావడం ఎంత బాధాకరం!

మనం చేయవలసింది

వడ్డీకి తెచ్చి బట్టలు కొనడం, డీజే పెట్టెలు తేవడం పెద్దలు చెప్పిన ఆచారాలు కావు. వాటిని వదిలేసినా నష్టం లేదు. ఏ గడపా తప్పకుండా పాడటం, ఒకే పంక్తిలో తినడం, పేర్లు రాసి ఉంచడం – ఈ మూడూ వదిలితే మాత్రం పండుగలో మిగిలేది సెలవు మాత్రమే. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని ఆమెకు తెలిసిన పాత పేర్లన్నీ అడగండి. ఆ ఖాళీ పేజీ మీద మంచి దస్తూరీతో రాయండి. రెండో పల్లెలోని స్నేహితుణ్ణి ప్రేమవిందుకు పిలవండి. అతను పిలిస్తే తప్పక వెళ్లండి.

అందరికీ పండుగ శుభాకాంక్షలు.