కొట్టు తాళంచెవి సెల్‌ఫోనులో
చెల్లింపులు, ఓటీపీల విషయంలో వర్తకులు గమనించవలసినవి

మిర్చి, పసుపు వర్తకంలో బేరం ఫోనుమీద కుదరడం కొత్త సంగతి కాదు. ట్రంకు కాల్ రోజులనుంచీ ఉన్నదే. ఐతే అప్పట్లో ఫోను మాటవరకే పనికివచ్చేది. సొమ్ముకు డ్రాఫ్టో, హుండీయో వేరే కావలసి వచ్చేది. ఇప్పుడు బేరం చెప్పిన ఫోనే సొమ్మూ చెల్లిస్తున్నది, లారీ కదలడానికి అవసరమైన ఈ-వే బిల్లు తలుపూ తెరుస్తున్నది. ఇన్ని పనులు ఒక్క నెంబరుమీద పడినందున ఆ నెంబరు ఎవరి పేర ఉన్నది, ఎవరి జేబులో ఉన్నది అన్న ప్రశ్న ధరవరలంత ముఖ్యమైనది.

యూపీఐ పద్ధతి 2016 ఏప్రిల్‌లో ఆరంభమయింది. దీనికి రెండు తాళాలు. మొదటిది సిమ్. యాప్‌ను తొలిసారి పెట్టినప్పుడు ఆ ఫోనునుంచే ఒక సంక్షిప్త సందేశం వెళ్లి, బ్యాంకిలో నమోదయిన నెంబరూ ఆ ఫోనూ ఒకటేనని ఖాయపరుస్తుంది. రెండవది ఖాతాదారు పెట్టుకునే పిన్. సొమ్ము పంపడానికి పిన్ కావాలి గాని, రావడానికి అక్కరలేదు. ఇంత చిన్న సంగతి గుర్తుంటే చాలా మోసాలు వాకిట్లోనే ఆగిపోతాయి. వ్యక్తులమధ్య సొమ్ము కోరుతూ పంపే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది కూడా మోసాల కారణంగానే.

వ్యక్తులమధ్య యూపీఐ చెల్లింపులకు రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉన్నది. క్వింటాలు 12,000 చొప్పున 20 క్వింటాళ్లు కొంటే 2 లక్షల 40 వేలు. కనుక రైతు పట్టీ సొమ్ముకు ఇది చాలదు; హమాలీ, కిరాయి, గోతాల ఖర్చులకు సరిపోతుంది. 2 లక్షలు, ఆపైన మొత్తాలకు ఆర్‌టీజీఎస్ ఉన్నది. 2020 డిసెంబరు 14 నుంచి అది రాత్రింబవళ్లు, సెలవు రోజుల్లోనూ పనిచేస్తున్నది. రాత్రి కాంటా ముగిసినా సొమ్ము తెల్లవారేదాకా ఆగనక్కరలేదు.

సొమ్ము ముట్టినదని నిర్ధారించుకునే విషయంలో మాత్రం పాత పద్ధతే మేలు. ఎదుటివారి ఫోనులో ‘చెల్లింపు విజయవంతం’ అన్న బొమ్మ రసీదు కాదు. అలాంటి బొమ్మలు తయారుచేసే దొంగ యాప్‌లు ఉన్నవి. తన ఖాతాలో జమ కనిపించిన తరువాతనే సరుకు వదలాలి.

ఇక లారీ సంగతి. ఎండు మిర్చికి, పసుపుకు 5 శాతం జీఎస్టీ ఉన్నందున 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు తప్పదు. (వడ్లవంటి పన్నులేని సరుకుకు ఈ బెడద లేదు.) 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పోర్టలులో ప్రవేశించడానికి వర్తకులందరికీ పాస్‌వర్డుతోబాటు ఓటీపీ తప్పనిసరి అయింది. ఓటీపీ వచ్చేది నమోదయిన సెల్‌ఫోనుకు. యజమాని పెళ్లికి వెళ్లి ఫోను మోగని చోట ఉంటే లోడయిన లారీ గోదాం ముందే నిలబడుతుంది.

బిల్లు లేకుండా లారీని పంపించి, తరువాత చూసుకుందామనుకోవడం తెలివైన పని కాదు. 5 లక్షల సరుకుకు పన్ను 25,000. దారిలో పట్టుబడితే సరుకు విడిపించుకోవడానికి పన్నుకు రెట్టింపు, అంటే 50,000 జరిమానా. ఆ లోడుమీద మిగిలే లాభం ఎంతో వర్తకులకు చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడు పోర్టలులోనే ఉన్నది. గుమాస్తా పేర ఉపవినియోగదారు ఖాతా తెరిస్తే అతని ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది. యజమాని ఫోను అక్కరలేదు. సందేశాలు ఆలస్యమయ్యే చోట్ల ఎన్‌ఐసీ-జీఎస్టీ-షీల్డ్ అనే యాప్ ఉపయోగపడుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా అది 30 సెకండ్లకొకసారి కొత్త అంకె చూపుతుంది. బిల్లు గడువు సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. లారీ దారిలో చెడిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందునుంచి, ముగిసిన 8 గంటలదాకా పొడిగించుకోవచ్చు. ఆ పని ట్రాన్స్‌పోర్టువారిది. వారి పేరు నమోదు చేయనట్లయితే బిల్లు తీసినవారే చేయాలి. అది అర్ధరాత్రి కావచ్చు. అప్పుడు ఎవరి ఫోను తెరిచి ఉండాలో ముందే అనుకోవడం మంచిది.

కాగా పోర్టలుకు చెల్లినది బ్యాంకికి చెల్లదు. ఖాతా పిన్ గుమాస్తాకు చెప్పడమంటే సంతకం చేసిన ఖాళీ చెక్కుల పుస్తకం ఇవ్వడమే. మనిషి నమ్మకస్థుడే కావచ్చు, అతని ఫోను పోవచ్చు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఖాతాదారే పిన్ పంచుకున్నట్లయితే, బ్యాంకికి తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. అంతకన్న కరెంటు ఖాతాపై గుమాస్తా చెల్లింపు నమోదుచేయడం, భాగస్వామి తన ఫోనులో ఆమోదించడం అనే ఏర్పాటు బ్యాంకినుంచి కోరడం నయం. మోసం జరిగితే బ్యాంకికి, 1930 నెంబరుకు వెంటనే తెలుపాలి. ఇందులో గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

చాలా కొట్లలో బ్యాంకి ఖాతాకు ఎప్పుడో మానేసిన గుమాస్తా నెంబరో, వాడకంలోలేని పాత సిమ్మో నమోదయి ఉంటుంది. రద్దయిన నెంబరును టెలిఫోను కంపెనీలు 90 రోజుల తరువాత మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు కొట్టు ఓటీపీలు ఊరూపేరూ తెలియనివారికి చేరుతాయి. సీజను ఆరంభం కాకముందే బ్యాంకి, జీఎస్టీ నెంబర్లను ఒక్కమారు సరిచూసుకోవాలి. సిమ్ మార్చినప్పుడు 24 గంటలపాటు సందేశాలు నిలిపివేసే నిబంధన 2022లో వచ్చింది. అందుచేత మార్చదలచినవారు యార్డు సెలవుకు ముందురోజు సాయంత్రం ఆ పని పెట్టుకుంటే లోడింగు ఆగదు.