విడాకులు: నిందలు కాదు, నిజాలు తెలుసుకుందాం

ఒక జంట విడిపోయిందనగానే మనవాళ్లు మొదట ఆరా తీసేది తప్పెవరిదని. అప్పటికే నలిగిపోయిన మనుషుల్ని ఈ తీర్పులు ఇంకా కుంగదీస్తాయి. తరచూ వినిపించే కొన్ని అపోహల్ని ఇకనైనా సరిచేసుకుందాం.

అపోహ: ఆడపిల్లలకు ఉద్యోగాలొచ్చాక సర్దుకుపోవడం మానేశారు. విడాకులకు అదే కారణం.

వాస్తవం: సంపాదన కాపురాన్ని కూల్చదు. తిట్టినా కొట్టినా పడి ఉండక తప్పని స్థితి నుంచి బయటపడే ధైర్యాన్నిస్తుంది. విడాకులకు హిందూ వివాహ చట్టం (1955) ఒప్పుకునే కారణాల్లో క్రూరత్వం, వివాహేతర సంబంధం, కనీసం రెండేళ్లపాటు వదిలేసి వెళ్లడం వంటివి ఉన్నాయి. ఇవి భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తాయి. క్రూరత్వమంటే దెబ్బలే కాదు, మానసిక హింస కూడా.

అపోహ: విడాకులు కోరినవాళ్లకు బాధ ఉండదు.

వాస్తవం: జీవిత ఘటనలు కలిగించే ఒత్తిడిని కొలిచేందుకు 1967లో హోమ్స్, రాహే అనే అమెరికన్ మానసిక వైద్యులు ఒక పట్టిక రూపొందించారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు. రెండో స్థానం విడాకులదే, 73. కోరి విడిపోయినవారికీ ఊరట వెంటే అపరాధ భావం, నిద్రలేమి, ఒంటరితనం ఉండొచ్చు.

అపోహ: మగాడికేం, ఇట్టే మరచిపోతాడు.

వాస్తవం: ఏడవకూడదని పెరిగినవాడు బాధను బయటపెట్టడు. అది కోపంగానో, తాగుడుగానో తేలవచ్చు. అతనికీ ఓదార్పు కావాలి.

అపోహ: ఎంత నరకమైనా పిల్లల కోసం కలిసుండాల్సిందే.

వాస్తవం: విడాకులు పిల్లల్ని బాధపెడతాయి, నిజమే. కానీ రోజూ కళ్లెదుటే సాగే గొడవలు వాళ్లను అంతకన్నా లోతుగా గాయపరచగలవు. విడిపోయాక కూడా ఆ గొడవను పిల్లల మీదుగా నడిపితే గాయం మానదు. ఆదివారం తండ్రితో గడిపి వచ్చిన పిల్లవాణ్ని గుమ్మంలోనే నిలబెట్టి, "నాన్న నా గురించి ఏమన్నాడు?" అని అడిగితే వాడేం చెప్పగలడు? ఏం చెప్పినా ఇద్దరిలో ఒకరికి ద్రోహం చేసినట్టే అనుకుంటాడు. "నీ వల్ల మేం విడిపోలేదు, ఇద్దరం నీకున్నాం" అన్న మాట వాడికి పదే పదే వినిపించాలి.

బంధువులకు, స్నేహితులకు ఒక్క విన్నపం. "ఎందుకు విడిపోయావు?" అని కాదు, "ఎలా ఉన్నావు?" అని అడగండి. దిగులు వారాల తరబడి వదలకపోతే మానసిక నిపుణుల్ని కలవమని చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.