సీసమూ, చదువూ

మా ప్రగతి నగర్ నుండి ఉదయం ఏడు గంటలకు బయలుదేరేవారు రెండు తెగలు. ఒక తెగవారు మాదాపురం అద్దాల మేడలలోకి, కంప్యూటర్ల ముందుకు పోతారు. రెండవ తెగవారు తూర్పున జీడిమెట్లకు, ఆగ్నేయంగా బాలానగరానికి, వాయవ్యంగా బొల్లారం, కాజిపల్లి వైపు కార్ఖానాలకు పోతారు. మొదటివారిని గూర్చి పత్రికలు నిత్యమూ వ్రాస్తూనే ఉన్నవి. రెండవవారి పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. ఈ వ్యాసం వారిని గూర్చినది.

కొన్ని సంవత్సరాల క్రిందట ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరం తరగతిలో వెనుక బల్లమీద ఒక కుర్రవాడుండేవాడు. పద్యం చదవమంటే మొదటి రెండు పాదాలు చక్కగానే చదివేవాడు. మూడవ పాదం దగ్గర ఆగిపోయేవాడు. పుస్తకం తెరిచి, తేదీ వేసి, శీర్షిక వ్రాసి, ప్రతిపదార్థం దింపుకొమ్మని చెబితే, తేదీ వేసి కూర్చునేవాడు. తక్కిన మూడు పనులు అతని చెవిలో పడి ఎక్కడికి పోయేవో తెలియదు. నేను రెండు మూడుసార్లు నలుగురి ముందూ అతన్ని ‘మొద్దు’ అన్నాను. తరగతి నవ్వింది. అతడూ నవ్వాడు. దసరా సెలవుల తరువాత అతడు తిరిగి రాలేదు.

అతని తండ్రి పాతబడిన బాటరీలు కొని, పగులగొట్టి, లోపలి పలకలను కరగించి అమ్మేవాడని తరువాత ఎవరో చెప్పగా విన్నాను. సాయంత్రం పూట పిల్లవాడే ఆ పలకలు తీసి పెట్టేవాడట. కాపురం కూడా ఆ రేకుల షెడ్డు వెనుక గదిలోనే.

ఆనాడు ఆ సమాచారం నాకు విశేషంగా తోచలేదు. బాటరీలోని పలకలు సీసపువి. సీసం విషమని మన పెద్దలకు తెలియనిది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేటప్పుడు తగరంలో సీసం కలిపాడేమోనని మా అమ్మ కళాయివానిని గుచ్చిగుచ్చి అడిగేది. అటువంటి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదనేది. అయితే అది కడుపునొప్పి తెచ్చే విషమనుకున్నామే కాని, పద్యంలో మూడవ పాదాన్ని మింగే విషమని అనుకోలేదు.

ఈ సంగతి పైకి రావడానికి ఉపాధ్యాయులే కారణమని నేను ఆలస్యంగా తెలిసికొన్నాను. 1979లో ప్రకటించిన ఒక పరిశోధన కోసం హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు బోస్టన్ సమీపంలోని రెండు పట్టణాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించాడు. రక్తంలో సీసం నెల రోజులలో సగానికి తగ్గిపోతుంది. పంటిలోను, ఎముకలోను మాత్రం ఏళ్ళతరబడి నిలుస్తుంది. కనుక పన్ను ఆ పిల్లవాని గతానికి సాక్ష్యం. పళ్ళిచ్చిన పిల్లలను గూర్చి వారి ఉపాధ్యాయులకు పదకొండు ప్రశ్నలిచ్చాడు. పిల్లవానికి ధ్యాస నిలుస్తుందా? పట్టిన పని వదలకుండా చేస్తాడా? పగటికలలు కంటాడా? వరుసగా రెండు మూడు పనులు చెబితే చేయగలడా? తొందరపడి విసుగుకొంటాడా? ఇటువంటివే అన్నీ. ఏ పంటిలో ఎంత సీసమున్నదో ఉపాధ్యాయులకు తెలియదు. అయినా రెండు వేల పైచిలుకు పిల్లల విషయంలో పంటిలో సీసం పెరిగినకొద్దీ ఉపాధ్యాయుల చెడ్డ మార్కులూ పెరుగుతూ వచ్చినవి. ఆ పట్టిక చదువుతున్నప్పుడు నా తరగతి గది వెనుక బల్ల కళ్ళకు కట్టింది.

బుద్ధిపరీక్షలలో సీసం ఎక్కువ ఉన్న పిల్లలు నాలుగయిదు మార్కులు వెనుకబడ్డారు. అది ఏపాటి అని కొందరంటారు. ఒక్క పిల్లవాని విషయంలో నిజంగానే ఏపాటి కాదు. కాని ఊరు మొత్తానికి సగటు నాలుగు మార్కులు జారితే, అత్తెసరు మార్కులతో గట్టెక్కేవారు గట్టున మిగలరు; మెరికల వంటివారు మునుపటికన్నా అరుదవుతారు. పదకొండేళ్ళ తరువాత ఆ పిల్లలలో కొందరిని వెదకి పట్టుకొని మళ్ళీ పరీక్షించారు. 1990లో వెలువడిన ఫలితం ఇది: చిన్ననాడు సీసం హెచ్చుగా ఉన్నవారు హైస్కూలు చదువు పూర్తికాకుండా మానివేసే ప్రమాదం తక్కినవారికన్నా ఏడు రెట్లు, చదవడంలో వైకల్యం ఆరు రెట్లు.

చిన్నతనం దాటితే గండం గడిచినట్లేనా? కాదు. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం, ముందుచూపుకూ నిగ్రహానికీ ఆధారమైనది, ఇరవై ఏళ్ళు దాటిన తరువాతనే పూర్తిగా పక్వమవుతుంది. కౌమారంలో మెదడు తోటమాలి పని చేస్తుంది. వాడని కొమ్మలను కత్తిరిస్తుంది, వాడిన కొమ్మలను బలపరుస్తుంది. ఏది వాడినదో, ఏది వాడనిదో తేల్చేది ఒక నాడీకణం నుండి మరొకదానికి దాటే వార్తలు. ఆ వార్త దాటే వాకిట్లో కాల్షియం ద్వారపాలకుడు. సీసం ఆ కాల్షియం వేషం వేసికొని లోపల ప్రవేశిస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనం పిల్లలను మందలిస్తూ ఉంటాము. మొక్క వంగకపోవడానికి నీటిలో ఏమి కలిసిందో చూచేవారు తక్కువ.

కౌమార వయస్కులనే ఎంచుకొని చేసిన పరిశోధన ఇటలీలో జరిగింది. బ్రెషా నగరం పైన వాల్ కమోనికా అనే కొండలోయలో మాంగనీసు కలిసిన ఇనుమును తయారుచేసే కార్ఖానాలు చాలాకాలం నడచి 2001 నాటికి మూతపడ్డవి. రోబర్టో లుక్కీనీ బృందం అక్కడి 11 నుండి 14 సంవత్సరాల పిల్లలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించింది. పొయ్యిలు ఆరి ఏళ్ళు గడిచినా లోయ మట్టిలో మాంగనీసు మిగిలే ఉన్నది. ఆ లోయ పిల్లలకు చేతి పనితనం, వాసనలు గుర్తుపట్టే శక్తి కొంత తగ్గినవి. బుద్ధిపరీక్షలో మార్కులు తగ్గినది మాంగనీసు వల్ల కాదు, సీసం వల్ల. అదీ వారి రక్తంలో సగటున డెసిలీటరుకు రెండు మైక్రోగ్రాములైనా లేని సీసం వల్ల. 1960లలో అమెరికా వైద్యులు అరవై మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదనేవారు. ఆ గీత జారి జారి 2021లో మూడున్నర దగ్గరకు వచ్చింది. నిరపాయమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది.

ఇక మన ఊరి సంగతి. పటాన్‌చెరువు పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ మితిమించి ఉన్నట్లు మన ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు 2001లో ప్రకటించారు; కాటేదాను మట్టిని గూర్చి 2008లో అటువంటిదే వ్రాశారు. పోత పనులకూ, లోహపు పూతలకూ పేరుపడిన బాలానగరం మట్టిని కూడా శాస్త్రజ్ఞులు పరీక్షించారు. నక్కవాగు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు ఆ పోరాటం సాగించారు. వాగును కొలిచారు, మట్టిని కొలిచారు. నా వంటి పంతులుకు కావలసిన కొలత వేరు. అది బల్లమీద కూర్చున్న పిల్లవాని రక్తంలో ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ కనిపించినవని మొదట ప్రకటన వచ్చింది. తరువాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది. లోహం కనిపించిన ప్రతిచోటా అదే దోషి అనుకోరాదు. మా కుర్రవాని రక్తం ఎవరూ పరీక్షించలేదు. కనుక అతని మరపునకు సీసమే కారణమని నేను చెప్పడం లేదు. పేదరికం, నిద్రలేమి, అర్థంకాని పాఠం, చెప్పలేని పంతులు, ఇవన్నీ కారణాలే. ఆ ప్రశ్న నాకు తట్టలేదనే నా బాధ.

కొన్ని మంచి పనులూ జరిగినవి. 2000 సంవత్సరంలో దేశమంతటా పెట్రోలులో సీసం కలపడం ఆగిపోయింది. ఇండ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు తొంబది పాళ్ళు మించరాదనే నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. పాత బాటరీలకూ 2001లో, మళ్ళీ 2022లో నిబంధనలు చేశారు. కాని నిబంధన చేరని రేకుల షెడ్లు ప్రతి పట్టణం అంచునా ఉన్నవి. మన దేశంలో ఇరవైయేడు కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ఐదు మైక్రోగ్రాములకు మించి ఉండవచ్చునని 2020లో యూనిసెఫ్ అంచనా వేసింది. (పెన్సిలు కొరికితే సీసం పోతుందా అని మొన్న ఒక విద్యార్థిని అడిగింది. పోదు. పెన్సిలు ములికిలో ఉన్నది గ్రాఫైటు. ఆ భయం అక్కరలేదు.)

ఉపాధ్యాయులకు ఉపయోగపడే విషయం ఒకటి ఉన్నది. పేగులలో ఇనుమును లోపలికి తీసికొనే ద్వారం ఒకటున్నది; ఒంటిలో ఇనుము కొరవడితే ఆ ద్వారం బార్లా తెరచుకొంటుంది, దాని వెంట సీసమూ దూరుతుంది. మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను కౌమార బాలికలలో సగానికి పైగా రక్తహీనులని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. వారానికొకసారి బడిలో పంచే నీలిరంగు ఇనుము మాత్రను పిల్లలు కిటికీలోనుండి పారవేయడం మనందరం చూచినదే. ఆ మాత్ర నీరసానికి మందు మాత్రమే కాదు, సీసానికి కొంత అడ్డుకట్ట కూడా. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎముకలో దాగిన సీసం ఆమె తల్లి అయ్యేనాడు కరిగి రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డకు చేరుతుంది. తండ్రి కార్ఖానా బట్టలతోనే ఇంటికి వచ్చి పిల్లలను దగ్గరకు తీసికొంటే ఆ ధూళి వారికీ అంటుతుంది. బట్టలు మార్చుకొని, చేతులు కడుగుకొని రమ్మని చెప్పించడం పిల్లల ద్వారానే సాధ్యం.

రక్తంలోని సీసాన్ని తొలగించే మందులున్నవి. సీసం బాగా హెచ్చితే అవి ప్రాణం కాపాడతాయి. పోయిన బుద్ధిని మాత్రం తిరిగి ఇవ్వలేవని 2001లో వెలువడిన పెద్ద పరిశీలన ఒకటి తేల్చింది. 2003లో తోమాస్ గిలార్తే బృందం ఎలుకలలో మరొక సంగతి చూచింది. సీసం సోకిన ఎలుకపిల్లలలో కొన్నింటిని ఒంటరిగా చిన్న పంజరాలలో ఉంచారు; కొన్నింటిని తోడువాటితో కలిపి, ఎక్కి దిగడానికీ, ఆడుకోవడానికీ వస్తువులున్న పెద్ద పంజరంలో ఉంచారు. పెద్ద పంజరంలోనివి నేర్చుకొనే శక్తిని చాలవరకు తిరిగి సంపాదించుకొన్నవి. ఎలుక మనిషి కాదు, నిజమే. కాని నలుగురి ముందు మొద్దు అనిపించుకొని వెనుక బల్లకు చేరిన పిల్లవాడు ఏ పంజరంలో ఉన్నట్లు?

ఈ వ్యాసం వ్రాయడానికి ముందు మా కళాశాలలో పాత దరఖాస్తుల కట్ట విప్పించి ఆ కుర్రవాని దరఖాస్తు వెదకి చూశాను. ‘తండ్రి వృత్తి’ అన్నచోట ‘వ్యాపారం’ అని వ్రాసి ఉన్నది. తండ్రికి వ్రాయడం రాదు కాబోలు, ఆనాడు ప్రవేశాల బల్ల దగ్గర కూర్చున్న నేనే పూర్తిచేశాను. దస్తూరీ నాది. ఏమి వ్యాపారమని అడిగినట్లు గుర్తు లేదు.