ఒక్క పేపర్ మిగిలింది... చదువు ఆగిపోయింది

మూసారాంబాగ్, సలీంనగర్, అక్బర్‌బాగ్ గల్లీల్లో ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి ఆపి "చదువు ఎంతవరకు వచ్చింది బేటా" అని అడిగితే ఎక్కువగా వినిపించే మాట "ఫెయిల్ అయ్యా" అని కాదు. "ఒక్కటి ఉండిపోయింది అంకుల్" అని. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండిపోయింది. డిగ్రీలో ఇంగ్లిష్ ఉండిపోయింది. అప్పటికి మొబైల్ షాపులోనో, బట్టల దుకాణంలోనో పని దొరికి ఉంటుంది. "రాస్తాలే" అంటూ రెండేళ్ళు, నాలుగేళ్ళు గడిచిపోతాయి.

విచిత్రం ఏమిటంటే, చదువు ఆగింది అనగానే ఇంట్లో అందరూ మొత్తం పోయినట్టే మాట్లాడతారు. ఎంత అయిపోయింది, ఎంత మిగిలింది అని కాగితం తీసి లెక్క చూసేవాళ్ళు తక్కువ. చూస్తే చాలాసార్లు మిగిలింది కొంచెమే. కానీ ఆ కొంచెం మిగిలినంత కాలం, అయిపోయిన పెద్ద భాగానికి కూడా విలువ రాదు.

గల్ఫ్‌కు వెళ్ళే కుటుంబాలకు ఇది పాస్‌పోర్టు దగ్గరే తెలుస్తుంది. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ వంటి దేశాలకు పని కోసం వెళ్ళేవారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలో ఉంటే ప్రయాణానికి ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. టెన్త్ పాసైన మెమో చూపితే ఆ కోవ నుంచి బయటపడొచ్చు. ఈసీఆర్ అనేది శిక్ష కాదు, మోసపోయే కార్మికులను కాపాడడానికి పెట్టిన ఏర్పాటు. అయినా అక్కడి లెక్క మాత్రం కఠినం. ఐదు సబ్జెక్టులు పాసై ఒకటి మిగిలిన అబ్బాయి, బడి మొహమే చూడని మనిషి ఆ కౌంటర్ దగ్గర ఒకటే. తెలంగాణలో కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్ పాస్ అడుగుతారు. అక్కడ కూడా "ఒక్క పేపర్ తప్ప అన్నీ పాస్" అనే గడి దరఖాస్తులో ఉండదు.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక దేశవ్యాప్తంగా చూసి చెప్పిన విషయాలు ఇప్పటికీ గుర్తు చేసుకోదగ్గవి. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికి వెళ్ళలేదు, లేదా మధ్యలో మానేశారు. 20 ఏళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు 4 శాతం కూడా లేరు. మొత్తం జనాభాలో అది దాదాపు 7 శాతం. పేదరికం, దూరం, వివక్ష, అన్నీ ఇందులో ఉన్నాయి. వాటిని ఒక ఇల్లు ఒంటరిగా మార్చలేదు. కానీ మొదలుపెట్టి, దాదాపు చివరిదాకా వచ్చి ఆగిపోయిన చదువుల సంగతి వేరు. వాటిలో చాలావాటిని ఇంట్లోవాళ్ళు పూనుకుంటే నిలబెట్టుకోవచ్చు.

మొదట ఇంటర్ సంగతి. మన దగ్గర ఫస్టియర్‌లో సబ్జెక్టులు పోయినా సెకండియర్‌లోకి వెళ్ళవచ్చు. ఇది పిల్లలకు మంచిదే. కాకపోతే అప్పు వాయిదా వేసినట్టు, పోయిన పేపర్ వెనకాలే వస్తూ ఉంటుంది. ఎంపీసీలో మ్యాథ్స్ రెండు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు. పాస్ కావడానికి ఒక్కోదాంట్లో 26 వస్తే చాలన్నది ఏళ్ళుగా నడిచిన లెక్క. ఫిజిక్స్, కెమిస్ట్రీ 60కి రాస్తే 21. అంటే మిగిలింది "మ్యాథ్స్" అనే కొండ కాదు. ఆ 26 మార్కులకు ఏయే చాప్టర్లు సరిపోతాయో కాలేజీలో ఏ లెక్చరర్‌ని అడిగినా పది నిమిషాల్లో గీత గీసి చూపిస్తారు.

అసలు నష్టం జరిగేది ఫలితాలు వచ్చిన వారంలో. ఏప్రిల్ ప్రాంతంలో రిజల్ట్ వస్తుంది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఆ వెంటనే వేసవిలోనే ఉంటుంది. ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు మామూలుగా వారం, పది రోజులు. ఆ వారమంతా ఇంట్లో ఏం జరుగుతుంది? అబ్బా మాట్లాడడు. అమ్మీ ఏడుస్తుంది. ఖాలా ఫోన్ చేసి తన కొడుకు మార్కులు చెబుతుంది. అబ్బాయి దోస్తుల దగ్గరికి వెళ్ళి రాత్రికి గానీ రాడు. కోపం చల్లారేసరికి గడువు దాటిపోతుంది. ఆలస్య రుసుముతో ఇంకొన్ని రోజులు ఇచ్చినా ఆ సంగతి కాలేజీ నోటీసు బోర్డుకే తెలుస్తుంది, ఇంటికి తెలియదు. ఇక మళ్ళీ పరీక్ష వచ్చే మార్చిలో. అప్పటికి చదివింది సగం పోతుంది, దుకాణంలో జీతం అలవాటవుతుంది.

అదే వారంలో తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడిక సరిగ్గా ఉందో లేదో చూడడం మాత్రమే. రీవెరిఫికేషన్ అంటే జవాబు పత్రాన్ని మళ్ళీ పరిశీలించి, దాని కాపీని కూడా ఇవ్వడం. రెండూ వేరు, ఫీజులూ వేరు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలపై పెద్ద గొడవ జరిగి ఫెయిలైనవారి పేపర్లన్నీ మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. ఫెయిలైన లక్షల మందిలో అది చిన్న సంఖ్యే. అందుకే రీవెరిఫికేషన్‌కు పెట్టినా సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానకూడదు. రెండూ ఒకేసారి నడవనివ్వాలి.

టెన్త్ దగ్గరే ఆగి వయసు దాటినవాళ్ళకు ఓపెన్ స్కూల్ ఉంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కు, టెన్త్ పాసై 15 నిండితే ఇంటర్‌కు చేరొచ్చు. కేంద్రం నడిపే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ఇంకో దారి. దాంట్లో ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు, ఈసారి రెండు, మళ్ళీసారి రెండు రాసుకోవచ్చు. గుర్తింపు ఉన్న బోర్డులో ఇంతకుముందు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులను తెచ్చి కలుపుకునే వీలూ ఉంది. ఉర్దూ మీడియం కూడా ఉంది. పగలు పని చేసే అబ్బాయికి దీనికంటే అనువైన ఏర్పాటు దొరకదు.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వరకు స్తంభాల మీద "పరీక్ష లేకుండా పాస్", "ఒక్క సిట్టింగ్‌లో డిగ్రీ" అంటూ నంబర్లు అతికించి ఉంటాయి. అలాంటి కాగితం ఇక్కడ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. గల్ఫ్ ఉద్యోగానికి సర్టిఫికెట్ అటెస్టేషన్‌కు వెళ్ళినప్పుడు అది అసలుదేనా అని యూనివర్సిటీని అడుగుతారు. అక్కడ దొరికితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, కేసు కూడా అవుతుంది. నకిలీ యూనివర్సిటీల జాబితాను యూజీసీ ప్రకటిస్తూనే ఉంటుంది. డబ్బు ఇచ్చేముందు చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

డిగ్రీ బ్యాక్‌లాగ్‌ల విషయంలో తేడా ఒకటి తెలియక చాలామంది భయపడతారు. క్లాసులకు హాజరై, పరీక్ష రాసి ఫెయిలైతే మళ్ళీ కాలేజీకి వెళ్ళి కూర్చోనక్కర్లేదు. ఫీజు కట్టి ఆ పేపర్ రాస్తే సరిపోతుంది. హాజరు చాలక డిటైన్ అయితే మాత్రం ఆ సెమిస్టర్‌లో మళ్ళీ చేరాలి. రెండింటినీ ఒకటే అనుకుని "ఇక కాలేజీకి వెళ్ళే వయసు కాదు" అని ఊరుకున్నవాళ్ళు ఉన్నారు. గడువు కూడా ఉంటుంది. జేఎన్‌టీయూలో నాలుగేళ్ళ బీటెక్‌ను ఎనిమిదేళ్ళలోపు ముగించాలి. ఉస్మానియా యూనివర్సిటీ పాత బ్యాచ్‌లవారికి అప్పుడప్పుడు "వన్ టైమ్ చాన్స్" పేరుతో పరీక్షలు పెట్టింది. అది వచ్చినప్పుడు పట్టుకోవాల్సిందే గానీ, దాన్నే నమ్ముకుని కూర్చోవడానికి లేదు.

సరే, ఫీజు కట్టారు. తర్వాత? పుస్తకం పట్టుకుంటే నిద్ర వస్తుంది. దీనికి మందు కోచింగ్ సెంటర్‌లో ఉందని అందరూ అనుకుంటారు. మెట్రో దిగితే కోచింగ్ బోర్డులకు కొదవ లేదు కూడా. ట్యాలీ, స్పోకెన్ ఇంగ్లిష్, పైథాన్, మూడింటికీ ఫీజు కట్టి ఒక్కటీ ముగించని పిల్లలు ప్రతి గల్లీలో కనిపిస్తారు. ఫీజు కట్టిన రోజే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

నిజానికి మొదలుపెట్టింది ముగించే పద్ధతి మన ఇళ్ళకు కొత్త కాదు. పక్క మసీదు మక్తబ్‌లో హిఫ్జ్ చేసే పిల్లవాణ్ణి చూడాలి. ముప్పై పారాలు కంఠస్థం చేయడం ఇంటర్ సిలబస్ కంటే చిన్న పనేమీ కాదు. పన్నెండేళ్ళ పిల్లలు దాన్ని ముగిస్తున్నారు. ఎలా? రోజూ మూడు పనులు ఉంటాయి. సబఖ్, అంటే ఈరోజు కొత్త పాఠం. సబఖ్ పారా, అంటే ఈమధ్య చదివిన భాగం. ఆమోఖ్తా, అంటే ఎప్పుడో చదివేసిన పాతది. పాతది అప్పజెప్పకుండా ఉస్తాద్ కొత్తది ఇవ్వరు. పాఠం చిన్నదే, కొన్ని పంక్తులే. కానీ ఎదురుగా కూర్చుని వినే మనిషి ఒకరు రోజూ ఉంటారు.

కాలేజీ చదువులో లేనిది ఇదే. కొత్త పాఠం రోజూ వస్తుంది, పాతది వినేవాళ్ళు లేరు. మార్చి వచ్చేసరికి ఎనిమిది నెలల ఆమోఖ్తా ఒక్కసారి మీద పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "మాకు ఇంగ్లిష్ రాదు, మేమేం చూస్తాం" అంటారు. వినడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు. ఇషా తర్వాత పావుగంట కూర్చుని "నిన్న ఎక్కడ ఆపావు, ఈరోజు ఎక్కడికి వచ్చావు, పుస్తకంలో వేలు పెట్టి చూపించు" అని అడిగితే చాలు. అక్షరం రాని నానీ కూడా ఆ పని చేయగలదు. కొద్దిదైనా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని చెప్పే హదీసు అందరికీ తెలిసిందే. దాన్ని నమాజుకు, దానానికి అన్వయించినంతగా పిల్లల పుస్తకాలకు అన్వయించడం తక్కువ. ఖుర్‌ఆన్‌లో సూరా నహ్ల్ 92వ వాక్యంలో గట్టిగా వడికిన నూలును తానే విప్పి ముక్కలు చేసుకున్న స్త్రీ పోలిక వస్తుంది. అక్కడి సందర్భం చేసిన ప్రమాణాలను నిలబెట్టుకోవడం గురించి. పదకొండేళ్ళు వడికి పన్నెండో ఏట వదిలేసిన చదువును చూసినా ఆ పోలికే గుర్తుకొస్తుంది.

ఆడపిల్లల విషయంలో మాత్రం దీన్ని బద్ధకం అనడం అన్యాయం. డిగ్రీ సెకండియర్‌లో మంచి సంబంధం వస్తుంది. "పెళ్ళయ్యాక చదువుకుంటుందిలే" అని ఇరువైపులా అంటారు. ఆ మాట నోటిమాటగానే ఉండిపోతుంది. నికాహ్‌నామాలో షరతులు రాసుకునే వీలు ఉంది. చదువు ముగించనివ్వాలన్న మాటను అందులో రాయించుకోవడం తప్పూ కాదు, అవమానమూ కాదు. మెహర్ గురించి అంతసేపు మాట్లాడే పెద్దలు రెండు సెమిస్టర్ల గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆ వేళ దాటిపోయినా దారులున్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1982లో ఏర్పడింది, ఉన్నది ఈ నగరంలోనే. ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. ఉర్దూలో చదివినవారికి 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ఉంది. మదర్సాల్లో చదివి వచ్చినవారికి అక్కడ బ్రిడ్జి కోర్సులు కూడా నడిపారు.

అన్నీ రాసి పాసయ్యాక కూడా కొందరి చదువు బీరువాలోనే ఆగుతుంది, అదీ కాలేజీ బీరువాలో. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలున్నాయి. అసలు సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. నోటితో పదిసార్లు అడిగేకంటే ఒక్కసారి దరఖాస్తు రాసి, దాని నకలు మీద ముద్ర వేయించుకుంటే తర్వాత ఫిర్యాదుకు పనికొస్తుంది. రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలన్న నిబంధన కూడా ఉంది కాబట్టి, ఆ లెక్క సంవత్సరం చివర కాకుండా నెలనెలా చూసుకోవాలి.

ఇక పేరు. టెన్త్ మెమోలో "మొహమ్మద్", ఆధార్‌లో "ఎండీ", పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. అమ్మాయిలకైతే ఒకచోట "బేగం" ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఇరవై ఏళ్ళ చదువు ఈ రెండు అక్షరాల దగ్గర ఆగిన సందర్భాలు తక్కువేమీ కాదు. తర్వాత వచ్చే ప్రతి సర్టిఫికెట్‌కు ఆధారం టెన్త్ మెమోయే. అందుకని టెన్త్ పరీక్షకు ముందు బడిలో నామినల్ రోల్ తయారయ్యే రోజున తల్లో తండ్రో ఆధార్ తీసుకుని వెళ్ళి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసి రావాలి. మెమో వచ్చేశాక తప్పు కనిపిస్తే, చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి. బడి మూతపడకముందే, పాత రిజిస్టర్ దొరికే కాలంలోనే ఆ పని చేసుకోవాలి.