ఊరందరి తాళాలూ ఒకే గుత్తిలో!

జూన్ నెల. మిట్టమధ్యాహ్నం. మండల కేంద్రంలోని నెట్ సెంటరు ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల ఫ్యాను తిరుగుతున్నా గాలి తగలడం లేదు. ఇంటరు పాసైన పిల్లలు, వారి వెంట తండ్రులు, పీఎఫ్ డబ్బు కోసం వచ్చిన స్పిన్నింగు మిల్లు కార్మికురాలు, పీఎం కిసాన్ కేవైసీ చేయించుకోవడానికి వచ్చిన ముసలి రైతు. అందరూ ఒక్క కంప్యూటరు చుట్టూ మూగి ఉన్నారు.

"అబ్బాయ్, మావాడి పాస్ వర్డు నీ దగ్గరే ఉందిగా, చూడయ్యా" అన్నాడు ఒక మిరప రైతు.

సెంటరు నడిపే యువకుడు తడుముకోకుండా తెర మీద ఉన్న ఒక ఫైలు తెరిచాడు. వరసగా గళ్లు. మొదటి గడిలో పేరు, తరువాత ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, ఫోను నెంబరు, చివరి గడిలో పాస్ వర్డు. రైతు కొడుకు పేరు వెతుకుతూ అతడు కిందికి జరుపుతుంటే మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కళ్ల ముందు కదిలిపోయాయి. వార్త పంపడానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్న నాకు అందులో నా పేరు కూడా కనబడింది. పక్కనే నా పాస్ వర్డు: మా అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం.

నాతో పాటు అక్కడ ఉన్న ఏడెనిమిది మందీ ఆ తెరను చూస్తూనే ఉన్నారు. ఎవరికీ అది తప్పుగా తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు వరకు నాకూ తోచలేదు.

ఆ యువకుడు దొంగ కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి దరఖాస్తు నింపిపెట్టే మనిషి. పాస్ వర్డు మరిచిపోయామంటూ జనం రోజూ వచ్చి పడుతుంటే ఆ బాధ పడలేక ఆయనే ఒక పట్టిక రాసిపెట్టుకున్నాడు. ఇంకా ఒక సులువు కూడా కనిపెట్టాడు. అందరికీ ఒకే రకం పాస్ వర్డు పెట్టాడు. పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, ఆ తరువాత ఒక గుర్తు, ఒకటి రెండు మూడు. అంటే ఒకరిది తెలిస్తే ఊరందరిదీ తెలిసినట్లే.

పొలం పాసు పుస్తకాన్ని పెట్టెలో పెట్టి, ఆ పెట్టె తాళాన్ని బియ్యం డబ్బాలో దాచి, ఆ సంగతి కోడలికి కూడా చెప్పని ఇళ్లు మన పల్లెల్లో కోకొల్లలు. అదే మనిషి బ్యాంకు ఖాతా తాళాన్ని మాత్రం రోడ్డు పక్క కొట్టులో వదిలి వస్తున్నాడు.

నష్టం ఎవరిది?

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. ఖాతాదారు తప్పు గానీ, బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయినపుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. కానీ ఖాతాదారు తన రహస్య వివరాలు ఇతరులకు చెప్పిన కారణంగా పోతే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన సొమ్మంతా అతడే భరించాలని అదే ఉత్తర్వులో ఉంది. నెట్ సెంటరులో పాస్ వర్డు రాయించి వచ్చిన మనిషి ఆ తరువాత ఎవరిని అడుగుతాడు?

డబ్బు ఒక్కటే కాదు. ఇంజనీరింగు ప్రవేశాలలో ఏ కళాశాల ముందు, ఏది వెనుక అన్న వరసను విద్యార్థి కంప్యూటరులోనే నమోదు చేయాలి. పాస్ వర్డు చేతిలో ఉన్నవాడికి ఆ వరస మార్చే వీలు దొరుకుతుంది. దానిని ఎవరికీ చెప్పవద్దని అధికారులు పదే పదే హెచ్చరించేది అందుకే. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు ఒక గడిలోని పది అక్షరాల మీద ఆధారపడి ఉంటుంది.

దొంగతనం జరగకుండానే నష్టపోయినవారు కూడా ఉన్నారు. ఆ రోజు వచ్చిన మిల్లు కార్మికురాలి సంగతి అదే. నాలుగేళ్ల కిందట ఆమె ఖాతా తెరిచింది వేరొక సెంటరులో. ఆమెకు ఫోను లేదని ఆ సెంటరు మనిషి తన నెంబరే వేశాడు. ఇపుడు పాస్ వర్డు మార్చాలంటే ఓటీపీ ఆ నెంబరుకు పోతుంది. ఆ మనిషి కొట్టు ఎత్తేసి హైదరాబాదు వెళ్లిపోయాడు, ఆ నెంబరూ పలకడం లేదు. ఆమె డబ్బును ఎవరూ ఎత్తుకుపోలేదు, కానీ ఆమె చేతికి రావడం లేదు. "నా డబ్బు నాకివ్వడానికి ఆయనెవరన్నా?" అని ఆమె నన్నే అడిగింది. నేనేం చెప్పను?

పాస్ వర్డుతో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది. అది పరాయివాడికి తెలియకూడదు, మనకు మాత్రం పోకూడదు. దాచింది ఎక్కువైతే మనకే దొరకదు. అందుబాటులో ఉంచితే అందరికీ దొరుకుతుంది.

మొదటి పట్టికా బయటపడింది

ఇలా పట్టిక రాసిపెట్టుకునే అలవాటు మన మండలంలో పుట్టింది కాదు. అమెరికాలోని ఎమ్ఐటీ అనే విద్యాసంస్థలో 1961 నుంచి ఒకే కంప్యూటరును పలువురు పంచుకుని వాడే ఏర్పాటు జరిగింది. ఎవరి పని వారికే ఉండాలని తలా ఒక పాస్ వర్డు ఇచ్చారు. అందరి పాస్ వర్డులూ ఒకే ఫైలులో ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థికి తనకిచ్చిన గంటలు చాలలేదు. ఆ ఫైలును అచ్చు తీయమని కంప్యూటరుకే పురమాయించి, వచ్చిన కాగితం చూసి ఇతరుల ఖాతాలలో పని చేసుకున్నాడు. ఆ సంగతి చాలా ఏళ్ల తరువాత ఆయనే చెప్పుకున్నాడు. అంత చదువుకున్నవారు పెట్టిన ఫైలు ఏడాది తిరగకముందే బయటపడితే మన సెంటరు ఫైలు ఎంత?

ఆ ఫైలుకు 'దాచు' అని గుర్తు పెట్టినా దాగదు, మళ్లీ చూపించు అంటే చూపిస్తుంది. పేరు మార్చి పాటల ఫోల్డరులో పెట్టినా వెతికితే దొరుకుతుంది. "ఈ పాస్ వర్డు గుర్తుంచుకోమంటారా?" అని కంప్యూటరు అడిగినపుడు 'సరే' అని నొక్కితే, ఆ యంత్రం ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ అది పనికొస్తుంది. కంప్యూటరు పాడై పట్నంలో మరమ్మతు కొట్టుకు వెళ్లినపుడు ఫైలూ దానితోనే వెళుతుంది. పాతది అమ్మేస్తే, పాత రకం హార్డు డిస్కులో చెరిపేసిన ఫైలును కూడా తెలిసినవారు తిరిగి తీయగలరు. పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్లు కాదది. పుస్తకం మొదట్లో ఉన్న విషయసూచికలో ఆ పేరు కొట్టేసినట్లు మాత్రమే, లోపలి పేజీ అలాగే ఉంటుంది.

కాగితమే నయం

ఇంట్లో కంప్యూటరు లేనివారికి మంచి ఉపాయం చిన్న నోటు పుస్తకమే. ఇది నేను చెప్పే పల్లెటూరి మాట కాదు. కంప్యూటరు భద్రతలో పేరున్న అమెరికన్ నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే గట్టి పాస్ వర్డు పెట్టుకుని దానిని కాగితం మీద రాసుకోమన్నాడు. కాగితాలు భద్రపరచడం మనుషులకు అలవాటైన పని అని ఆయన వాదన. దేశం కాని దేశంలో కూర్చున్న దొంగ మన బీరువాలోని పుస్తకం చూడలేడు కదా. ఆ పుస్తకం పొలం కాగితాలతో పాటు ఉండాలి. జేబులో తిప్పకూడదు, ఫోటో తీసి ఫోనులో పెట్టకూడదు. ఏటీఎం, ఫోన్ పే పిన్నులు మాత్రం అందులో కూడా రాయవద్దు. అవి నాలుగో ఆరో అంకెలే కాబట్టి తలలో పెట్టుకోవచ్చు. ఏటీఎం కార్డు కవరు మీదే పిన్ను రాసుకునేవారిని బ్యాంకు వరసలో ఇప్పటికీ చూస్తున్నాను.

సెంటరుకు వెళ్లినా పాస్ వర్డు నోటితో చెప్పవద్దు. మీటలు మీరే నొక్కండి, చదువు రాకపోతే మీ పిల్లల చేత నొక్కించండి. ఖాతాకు మీ ఇంటి ఫోను నెంబరే ఇవ్వండి. లేచి వచ్చేముందు ఖాతా మూసివేశామో లేదో చూసుకోండి.

ఇంట్లో పిల్లలకు ల్యాప్ టాపు ఉన్నవారు మరొక మెట్టు ఎక్కవచ్చు. పాస్ వర్డులు దాచడానికే తయారైన ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో కీపాస్ అనేది ఉచితం. దానిని జర్మనీకి చెందిన డొమినిక్ రైచ్ల్ 2003లో మొదట విడుదల చేశాడు. ఖాతాల పేర్లు, పాస్ వర్డులు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి, కానీ ఆ ఫైలంతా గుప్త లిపిలోకి మారిపోతుంది. అందుకు వాడే ఏఈఎస్ అనే పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2001లో తన ప్రమాణంగా స్వీకరించింది. ఎవరైనా ఆ ఫైలు ఎత్తుకుపోయినా కనబడేది పిచ్చి రాతలే. అన్నిటికీ కలిపి ఒకే ఒక తాళం మాట. దానితో తెరిస్తేనే అక్షరాలు మళ్లీ అక్షరాలవుతాయి.

ఆ తాళం మాట ఎలా ఉండాలన్నదే ముఖ్యం. ఏటీఎంలో మూడుసార్లు తప్పు కొడితే కార్డు ఆగిపోతుంది కనుక నాలుగు అంకెలు చాలుతాయి. ఎత్తుకుపోయిన ఫైలుకు ఆ కట్టుబాటు లేదు. దొంగ తన ఇంట్లో కూర్చుని, తన కంప్యూటరు చేత రాత్రింబగళ్లు కోట్ల మాటలు ప్రయత్నించగలడు. నాలుగు అంకెలైతే మొత్తం పదివేల రకాలే, అది చిటికెలో పని. పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం అయితే అతడు మొదట చూసేవి అవే.

అంకెలు, గుర్తులు కలిపి పెట్టమని, మూడు నెలలకోసారి మార్చమని వెనక చెప్పేవారు. అమెరికా ప్రమాణాల సంస్థ 2003లో ఇచ్చిన సలహా పత్రం నుంచి వచ్చిన అలవాటిది. దానిని రాసిన బిల్ బర్ అనే అధికారే ఆ సలహాలో చాలా భాగానికి ఇపుడు చింతిస్తున్నానని 2017లో ఒప్పుకున్నాడు. అదే సంవత్సరం ఆ సంస్థ తన నియమాలను మార్చి, పొడవే బలమని, ఊరికే మార్పించవద్దని చెప్పింది. కాబట్టి ఒకదానితో ఒకటి పొత్తులేని ఐదారు మాటలు కలిపి పెట్టుకోవడం మేలు. చింతచెట్టు, రైలు, గొడ్డలి, పప్పుచారు, మంగళవారం అన్నట్లు. సామెత, పాట పల్లవి, దేవుడి పేరు పనికిరావు. పేపరులో అచ్చయింది కాబట్టి పైన రాసిన మాటలూ ఇక పనికిరావు!

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఆ తాళం మాట మరిచిపోతే కీపాస్ చేసినవాడు కూడా ఆ ఫైలు తెరవలేడు. ఓటీపీ రాదు, దరఖాస్తు పెట్టుకునే ఆఫీసు ఉండదు. అందుకని దానిని ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి పెట్టెలో ఉంచి, భార్యకో భర్తకో ఆ కవరు సంగతి చెప్పి ఉంచాలి. ఇంటి పెద్ద హఠాత్తుగా పోతే ఏ బ్యాంకులో ఏముందో తెలియక తిరిగే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫైలుకు మరో ప్రతిని పెన్ డ్రైవులో తీసి వేరేచోట పెట్టాలి. పరాయి కంప్యూటరులో దానిని ఎన్నడూ తెరవరాదు. కొట్టిన మీటలన్నీ రాసుకునే దొంగ ప్రోగ్రాము అందులో ఉండవచ్చు.

తమ దగ్గరే దాచిపెడతామనే కంపెనీలు కూడా ఉన్నాయి. వాటిలో లాస్ట్ పాస్ అనే కంపెనీ నుంచి 2022లో ఖాతాదారుల గుప్త ఫైళ్ల ప్రతులనే దొంగలు పట్టుకుపోయారు. అపుడు తాళం మాట గట్టిగా ఉన్నవారికీ బలహీనంగా ఉన్నవారికీ తేడా తెలిసివచ్చింది.

ఎంత జాగ్రత్తపడినా డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లోనే కూర్చునేవారిని చూశాను.

జనం పలచబడిన తరువాత ఆ యువకుడితో నా వరస తీసివేయమన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "విలేకరి గారూ, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం నీ మీద కాదయ్యా, ఈ తలుపు తీసి ఉన్న కొట్టు మీద అన్నాను. కాసేపు ఆలోచించి తీసేశాడు. "రేపు మీ అమ్మాయి ఫీజు కట్టాలంటే ఎట్లా మరి?" అని అడిగాడు. నేనే వచ్చి కొట్టుకుంటానన్నాను. ఇంటికెళ్లి మా అమ్మాయి చేత అన్ని ఖాతాల పాస్ వర్డులూ మార్పించేసరికి రాత్రి తొమ్మిది దాటింది. రెండు ఖాతాలకు ఇప్పటికీ పాత నెంబరే ఉంది, వాటి కోసం బ్యాంకుకు వెళ్లాలి.

మొన్న మళ్లీ సెంటరుకు వెళ్తే ఆ యువకుడు నన్ను పక్కకు పిలిచి, ఆ కీపాస్ సంగతేదో తనకూ చూపించమన్నాడు. తన సొంత ఖాతాల కోసమట. ఊరివారి ఫైలు ఏం చేస్తావని అడిగాను. వారు వచ్చి తీసేయమంటే తీసేస్తాను, ఇంతవరకు మీరు తప్ప ఎవరూ అడగలేదన్నాడు.