రాబోవు చేతి ఫోను – మన రెండు లిపులు

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ నగర వీధిలో నిలిచి మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు తొలిసారిగా చేతి ఫోనులో మాట్లాడినప్పుడు ఆ యంత్రం బరువు కిలోగ్రాముకు పైగా ఉండేది. మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ నగరాల మధ్య జరిగింది. ఆ తరువాతి పరిణామం సర్వవిదితమే. మాట్లాడే సాధనంగా పుట్టిన ఫోను మన కళ్ళ ఎదుటనే చదివే సాధనమై, వ్రాసే సాధనమై, అనేకమంది విద్యార్థులకు ఏకైక గ్రంథాలయమై కూర్చున్నది.

రాబోయే తరం ఫోనులో ఏమి ఉండాలని ఎవరిని అడిగినా, మరింత పలుచదనం, మరింత స్పష్టమైన కెమెరా, మరింత వేగం అంటారు. ఇవి కోరదగినవి కావని నేననను. అయితే ఒక వైపు తెలుగు, మరొక వైపు ఉర్దూ చదువుకొనే మనవంటి వారి కోరికల పట్టికలో వీటికి మొదటి స్థానం దక్కనక్కరలేదు. 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఉర్దూను పేర్కొన్నవారు 5 కోట్ల 7 లక్షలు. ఇంతమంది పేర్లను సరిగా వ్రాయలేని యంత్రం ఎంత పలుచనైతే మాత్రమేమి?

ఫోను అక్షరాలను ఎరుగదు, అంకెలను మాత్రమే ఎరుగును. ప్రపంచంలోని లిపులన్నింటికీ అంకెలు కేటాయించే యూనికోడ్ అనే పట్టిక 1991లో వెలువడింది. అందులో తెలుగుకు లభించిన స్థానాలు 128. మన గుణింతాలు, సంయుక్తాక్షరాలు అన్నీ ఈ 128లో ఇమిడేవి కావు కనుక, మూలవర్ణాలకు, గుర్తులకు మాత్రమే అంకెలిచ్చి, వాటిని కూర్చి బొమ్మ గీసే పనిని యంత్రానికి వదలినారు. 'స్త్రీ' అనేది మనకు ఒక్క అక్షరం. ఫోనుకు అది ఆరు సంకేతాల వరుస: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం. దీని ఖరీదు కూడా స్వల్పం కాదు. ఒక ఎస్సెమ్మెస్‌లో ఆంగ్లాక్షరాలు 160 పడితే, తెలుగు, ఉర్దూ సంకేతాలు 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బదిలో ఆరింటిని 'స్త్రీ' ఒక్కతే తీసుకొంటుంది.

ఈ కూర్పు పనిలో ఏమరుపాటు కలిగితే ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకం చూచింది. 'జ్ఞా' అనే అక్షరపు సంకేతాల నడుమ కంటికి కనబడని ఒక విభాజక సంకేతం చేరి ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోనులోని ఆ సందేశ కార్యక్రమం కుప్పకూలేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. ఆ కొద్ది రోజులు 'ఫోనును చంపే తెలుగు అక్షరం' అంటూ లోకమంతా వేడుకగా చెప్పుకొన్నది. జ్ఞానానికి మొదటి అక్షరమే దోషి అయిందన్నమాట! దోషం అక్షరానిది కాదు; ఆ అక్షరాన్ని ముందుగా పరీక్షించి చూడని వారిది. ఫోను అంగడికి రాక పూర్వమే దానిని అన్ని లిపులలోను పరీక్షించాలన్నది మన మొదటి కోరిక.

ఉర్దూ కథ ఇంకను క్లిష్టమైనది. అరబ్బీకి అలవాటైన నస్ఖ్ శైలిలో అక్షరాలు ఒకే గీతపై నడుస్తాయి. ఉర్దూ పాఠకుల కంటికి అలవాటైన నస్తలీఖ్‌లో ప్రతి పదం కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి జారుతుంది. ప్రక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకొంటుంది. చుక్కలు ఒకదానికొకటి తగలకుండా తప్పుకోవాలి. అందుచేతనే సీసపు అచ్చులు ఈ శైలికి లొంగలేదు. పత్రికలను కాతిబులు చేతితో వ్రాయగా, ఆ వ్రాతను రాతి మీదికో రేకు మీదికో ఎక్కించి ముద్రించేవారు. మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి వేలకొలది అక్షరసంయోగాలతో 'నూరీ నస్తలీఖ్'ను సిద్ధపరచగా, 1981లో లాహోరు 'జంగ్' పత్రిక దానితో వెలువడింది. ఐఫోనులో ఉర్దూకు నస్తలీఖ్ 2017లో వచ్చింది. నేటికీ చాలా ఫోనులలో ఉర్దూ వార్త నస్ఖ్‌లోనే కనబడుతుంది. చదవడం అసాధ్యమని కాదు. కాని ఇంటివారిని ఎవరో అద్దెబట్టలలో చూచినట్లుంటుంది.

ఇక్కడ మన రెండు లిపులకు ఒక ఉమ్మడి బాధ ఉన్నది. తెలుగు అక్షరం క్రిందికి ఒత్తులను పెంచుకొంటుంది; నస్తలీఖ్ పదం మెట్లు దిగుతుంది. రెండింటికీ నిలువుగా చోటు కావాలి. అప్లికేషన్లు తయారుచేసేవారు మాత్రం రోమను అక్షరపు ఎత్తును కొలిచి గడులు గీస్తారు. ఫలితంగా మన ఒత్తుల పాదాలు, ఉర్దూ చుక్కలు గడి అంచున తెగిపోతాయి. పంక్తి ఎత్తును లిపి నిర్ణయించాలి గాని గడి కాదు.

అంతకన్న సూక్ష్మమైన చిక్కు వెదుకులాటలో వస్తుంది. అరబ్బీ కాఫ్, ఉర్దూ కాఫ్ పదం మొదట ఒకే విధంగా కనబడినా యూనికోడ్‌లో వాటి అంకెలు వేరు. 'యే' సంగతి కూడా అంతే. ఒకరు అరబ్బీ కీబోర్డుతో 'కితాబ్' అని వ్రాసి దాచినదానిని మరొకరు ఉర్దూ కీబోర్డుతో వెదికితే, కంటి ఎదుట ఉన్న పుస్తకం కూడా లేదనే సమాధానం రావచ్చును. తెలుగులోను ఇంతే: 'ఫోన్‌లో' అనే మాట నడుమ ఆ కనబడని విభాజకం ఉన్న రూపం ఒకటి, లేని రూపం మరొకటి. ఇట్టివాటిని ఒకటిగా ఎంచే వివేకం వెదికే యంత్రానికి ఉండాలి.

ఇక వ్రాత. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో రూపొందించిన ఐఎస్ 16333 మూడవ భాగం ప్రకారం మన దేశపు ఫోనులు 22 భారతీయ భాషలలో సందేశాలను చూపగలగాలి. వ్రాయడానికి మాత్రం ఆంగ్లం, హిందీ, మరొక భారతీయ భాష ఉంటే చాలును. చదువరికి ఇరువది రెండు ద్వారాలు, రచయితకు మూడు! మన విద్యార్థులు తెలుగును, ఉర్దూను కూడా రోమను అక్షరాలలో వ్రాయడం సోమరితనమని నిందించేవారు ఈ లెక్కను గమనించాలి.

ఈ సందర్భంలో ఒక చుక్కను గూర్చి చెప్పవలసి ఉన్నది. ఉర్దూలో 'జీమ్'తో వ్రాసే జలీల్ అంటే మహిమాన్వితుడు. అల్లాహ్ నామాలలో అది ఒకటి. అబ్దుల్ జలీల్ అనే పేరు దాని నుండి వచ్చినదే. సకారాన్ని నాదంతో పలికినట్లుండే 'జాల్' అనే అక్షరంతో అదే మాట వ్రాస్తే నీచుడు, అవమానితుడు అని అర్థం. తెలుగులో రెండూ 'జలీల్' గానే నిలుస్తాయి. హాజరుపట్టీలో, ధ్రువపత్రంలో ఒక బాలుని పేరు ఎంతటి సందిగ్ధంలో పడుతుందో ఊహించండి. మన చజలకు పూర్వనిఘంటువులు 2 అంకె తగిలించి చూపిన దంత్యోచ్చారణ ఈ ధ్వనికి సమీపమే కాని సమానం కాదు. గజల్‌లోని గకారానికి, ఖబర్‌లోని ఖకారానికి కూడా ఇట్టి ఇబ్బందే. దేవనాగరిలో అక్షరం క్రింద చుక్క పెట్టి దీనిని ఏనాడో తీర్చుకొన్నారు. తెలుగుకు ఆ చుక్క, అనగా నుఖ్తా, 2021 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 14వ కూర్పులో లభించింది. పట్టికలో చోటు దొరికినంత మాత్రాన చేతికి అందినట్లు కాదు. కీబోర్డులో దానికొక మీట ఉండాలి, దానిని సరియైన చోట గీసే అక్షరరూపాలు ఉండాలి. ఈ వ్యాసంలో ఆ గుర్తును అచ్చువేయించే సాహసం నేనే చేయలేదు.

మాటను వ్రాతగా మార్చే సౌకర్యం మన పెద్దలకు గొప్ప వరం. 2022లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన 'భాషిణి' వంటి ప్రయత్నాలు భారతీయ భాషలలో దానికి పునాది వేస్తున్నాయి. అయితే ఒక్కొక్క భాషనూ విడివిడిగా నేర్చిన యంత్రానికి మన ఇళ్ళలోని సంభాషణ కొరుకుడు పడదు. 'నక్కో', 'హౌ' అనే దక్కనీ మాటలు, వాటి నడుమ తెలుగు క్రియ, చివర ఆంగ్ల నామవాచకం – ఇది మనకు ఒకే వాక్యం. యంత్రం వినవలసినది ఈ వాక్యాన్ని. వినిన మాట దూరదేశపు యంత్రాలకు చేరకుండా ఫోనులోనే వ్రాతగా మారితే మరీ మేలు. సంకేతాలందని పల్లెలో పనిచేస్తుంది, ఇంటి గుట్టు ఇంటనే ఉంటుంది.

బ్యాటరీ మాట కూడా ఒకటి రెండు వాక్యాలలో చెప్పుకోవాలి, ఎందుకంటే అది లిపితో ముడిపడి ఉన్నది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుండి అక్కడ అమ్మే పరికరాలలో బ్యాటరీని వాడుకదారే మార్చుకొనే వీలుండాలి. ఇక్కడ కూడా అట్టి వీలు కలిగితే విద్యార్థి అయిదారేళ్ళు ఒకే ఫోనుతో గడపగలడు. అయితే అంతకాలం దానికి కొత్త అక్షరాలు అందుతాయా? అక్షరరూపాలు ఫోను మూల కార్యక్రమంలో భాగంగా వస్తాయి. తయారీదారు రెండు మూడేళ్ళకు నవీకరణ నిలిపివేస్తే, తరువాత పుట్టిన అక్షరం ఆ ఫోనులో ఖాళీ గడిగానే కనబడుతుంది. ఈ గడులను ఆ రంగంలోనివారు టోఫు అంటారు. గూగుల్ వారి 'నోటో' అక్షరరూపాలకు ఆ పేరు 'టోఫు వద్దు' అనే అర్థంలో వచ్చినదే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుండి నవ్వుముఖాలు, పూలగుత్తులు మొదలగు ఎమోజీలను మూల కార్యక్రమంతో నిమిత్తం లేకుండా కొత్తగా పంపే ఏర్పాటు జరిగింది. ఆ బండిలోనే మన నుఖ్తాకు, నస్తలీఖ్‌కు కూడా చోటివ్వాలని కోరుతున్నాము.